ఇంటి వెనక కాల్చిన గడ్డి

నాకు అనుమానం ఎక్కువ. ఈ మాట నేనే చెప్పుకోవడం నయం. మా ఆయన చెబితే ఇంకో నాలుగు కలిపి చెబుతారు. పాలవాడు గిన్నెలో పోస్తుంటే వేలు ముంచి చూస్తాను. చేపలమ్మి ఒక వైపు మొప్ప ఎత్తి చూపిస్తే రెండో వైపు కూడా ఎత్తమంటాను. బస్సు కండక్టరు ఊరికే నవ్వాడంటే టికెట్టు తిప్పి చూసుకుంటాను. "నువ్వు బళ్ళో టీచరువి కావాల్సిందానివి కాదే, పోలీసు స్టేషన్లో ఉండాల్సిందానివి" అనేది మా అమ్మ. పోనీ, నేను మోసపోయిన సందర్భాలు కూడా పెద్దగా లేవు. కానీ ఒక్కసారి ఈ అనుమానం నా చేత ఒక పని చేయించింది. దాని గురించి ఇన్నేళ్ళూ మా చర్చిలో కూడా ఎవరికీ చెప్పలేదు.

ఎనభైల మొదటి రోజులు. మా ఆయనకి పోర్టులో క్రేన్ల దగ్గర పని, మూడు షిఫ్టులు. నాకు సబ్బవరం వైపు ఒక పల్లెటూరి ఎలిమెంటరీ బళ్ళో ఉద్యోగం. టౌన్లో అద్దెకి ఉంటూ ఇద్దరం రెండు దిక్కులకి పరిగెత్తలేక, బడికి దగ్గరగా కొండ కింద కాస్త స్థలం తీసుకున్నాం. మట్టి గోడలు పెట్టి, తాటాకు కప్పించుకున్నాం. మూడు గదులు, ముందు అరుగు, వెనక చిన్న పెరడు, పెరటి కంచె దాటితే కొండ. మా ఆయన సైకిలు మీద మెయిన్ రోడ్డు దాకా వెళ్ళి, అక్కడ టీ కొట్టు దగ్గర సైకిలు పెట్టి బస్సెక్కేవారు. నేను చెప్పబోయేది జరిగేనాటికి పాపకి ఆరు నెలలు. దాన్ని నాతోపాటే బడికి తీసుకెళ్ళి, వరండా దూలానికి చీర ఉయ్యాల కట్టి, ఆయమ్మకి అప్పజెప్పేదాన్ని.

ఆ ఇల్లు కట్టుకున్నప్పుడు అందరూ ఒకటే మాట. "కొండ కాలుద్ది, జాగర్త." నేను పట్టించుకోలేదు. రాళ్ళూ రప్పలూ ఉన్న కొండ ఏం కాలుతుంది అనుకున్నాను. మొదటి వేసవిలో తెలిసింది. ఆ కొండ నిండా నడుం ఎత్తు గడ్డి. వానాకాలంలో పచ్చగా చూడముచ్చటగా ఉంటుంది. సంక్రాంతి దాటిందంటే ఎండిపోయి, గాలి వీస్తే చాలు గరగరమని చప్పుడు చేస్తుంది. మధ్యలో జీడిమామిడి చెట్లు, వాటి కింద మోకాలి లోతున రాలిన ఆకులు. ఆ మొదటి చైత్రంలో పై నుంచి నిప్పురవ్వలు వచ్చి మా పెరట్లో పడ్డాయి. తాటాకు ఇల్లు. ఒక్క రవ్వ కప్పు మీద పడి అంటుకుంటే అంతే సంగతులు. గోనెసంచులు తడిపి కప్పు మీద పరిచి, రెండు బిందెలు పట్టుకుని సాయంత్రం దాకా నిలబడ్డాను. కడుపులో పాప. ఆ రోజు కొండ మధ్యలోనే ఆరిపోయింది కాబట్టి బతికిపోయాం. అప్పట్నుంచీ గడ్డి చప్పుడు వినబడితే చాలు, బయటికి వచ్చి కప్పు చూసుకునేదాన్ని.

ఆ తరవాత కొన్నాళ్ళకి పక్క స్థలంలోకి ఒక కుటుంబం దిగింది. మొగుడూ పెళ్ళాం, నలభై దాటినవాళ్ళు. ఇద్దరాడపిల్లలకీ పెళ్ళిళ్ళు చేసేశారు. వాళ్ళ ఊరు స్టీలు ప్లాంటు కింద పోయింది. అందరూ గాజువాక వైపు కొత్త కాలనీల్లోకి వెళితే, "మేకల్తో కాలనీలో ఏటుంటాం?" అని వీళ్ళు ఇటు వచ్చారు. ఒక ఎడ్ల బండి మీద వాళ్ళ పాత ఇంటి ద్వారబంధం వచ్చింది. టేకుది. ఊరు ఖాళీ చేసే రోజున గోడలో నుంచి ఊడదీసి తెచ్చుకున్నారట. దానికి పసుపు రాసి, బొట్లు పెట్టి నిలబెట్టి, దాని చుట్టూ తాటాకిల్లు కట్టుకున్నారు. ఆయన పొద్దున్న మేకల్ని మేపి, పెళ్ళానికి అప్పజెప్పి, ప్లాంటు కట్టేచోటికి కూలికి వెళ్ళేవాడు.

వచ్చిన మూడో రోజుకే మా ఆయన్ని "బావా" అన్నాడు. ఆ లెక్కన నేను "సెల్లి"ని అయిపోయాను. మా వైపు మగాళ్ళు టీ కొట్టు దగ్గర కలిసినవాణ్ణల్లా బావా అంటారనుకోండి. అయినా మూడు రోజులకే నన్ను చెల్లెల్ని చేసుకున్న మనిషిని నేను నమ్మలేదు. పైకి మాత్రం అన్నయ్యా, వదినా అనేదాన్ని.

వారం తిరక్కుండానే నా అనుమానానికి ఆధారం దొరికింది. బావి మా స్థలానికి అవతల ఉంది. ఒకరోజు ఆయన కంచె దగ్గర నిలబడి అడిగాడు.

"సెల్లీ, ఈ మూల కాసింత జాగా ఒగ్గేత్తారేటి? మేకలు నీలుకి ఎల్తానికి దారవుద్ది."

"అదేం కుదరదన్నయ్యా" అన్నాను.

"సరేలే, సుట్టూ తిరిగి తోలుకుంతాను" అని నవ్వి వెళ్ళిపోయాడు. అంత తొందరగా ఎందుకు ఒప్పుకున్నాడా అని నాకు ఆ రోజంతా అదే ఆలోచన. ఇవాళ మూల అడిగాడు, రేపు స్థలమంతా కావాలంటాడు, అడిగితే ఇవ్వం అని తెలిసింది కాబట్టి ఇంకో దారి వెతుకుతాడు. ఇదీ నా లెక్క.

ఆ తరవాత వాళ్ళ మేక ఒకటి కంచె దూరి నా చిక్కుడు పాదు మొదలంటా మేసేసింది. విరగకాసిన పాదు! ఒళ్ళు మండిపోయి, బడికి ఆలస్యమవుతున్నా సరే, అరుగు మీద నిలబడి దులిపేశాను. మేకల్ని తోలింది కావాలనే అన్నాను. వదిన బయటికి వచ్చి, "నోరు నేని జీవం అమ్మా, దానికి మీ పాదని తెల్దు గదా" అంది. "దానికి తెలియదు, మీకు తెలుసు" అన్నాను. అంతే, ఆమె లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి మాటల్లేవు. మగాళ్ళిద్దరూ మాత్రం టీ కొట్టు దగ్గర మామూలుగానే బావా బావా అనుకునేవారు. అది కూడా నాకు నచ్చేది కాదు.

మాఘమాసంలో ఒక ఉదయం, ఇంకా వెలుగు పూర్తిగా రాలేదు, పొగ వాసనకి మెలకువ వచ్చింది. మా ఆయన రాత్రి షిఫ్టు, ఇంట్లో నేనూ పాపా. వెనక తలుపు తీసుకుని పెరట్లోకి వెళ్ళాను. కంచె అవతల, కొండ వైపు, రెండు బారల వెడల్పున గడ్డి కాలి నల్లగా ఉంది. బూడిద మీద చెయ్యి పెడితే ఇంకా వెచ్చగా తగిలింది.  ఎవరో మా ఇంటి వెనక నిప్పు పెట్టారు. మంచు పడి ఆరిపోయింది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే నేనూ పాపా ఏమైపోదుం?

మా ఆయనకి చెప్పలేదు. ఎందుకంటారా? ఆయనకి ఏం చెప్పినా "నీదంతా అనుమానం" అంటారు. రుజువు చూపించి మాట్లాడదామనుకున్నాను. మర్నాడు తెల్లారకముందే లేచి వంటింటి కిటికీ దగ్గర కాపు కాశాను.

వచ్చాడు. పక్కింటాయనే. భుజం మీద తడి గోనెసంచి, మొలలో చిన్న గొడ్డలి, ఒక చేతిలో కానుగ మండలు, ఇంకో చేతిలో విరిగిన కుండపెంకు, దాన్లో నిప్పులు. అటూ ఇటూ చూసుకుంటూ వచ్చాడు. వంగుని, మా కంచె అవతల గడ్డికి నిప్పు తగిలించాడు. మంట లేచింది. కాసేపు చూసి మండలతో కొట్టి ఆర్పాడు. రెండడుగులు జరిగి మళ్ళీ అంటించాడు. మళ్ళీ ఆర్పాడు. అంటించేవాడు ఆర్పుతాడా అన్న ప్రశ్న నాకు రానే లేదు. పెద్ద మంట లేస్తే నలుగురూ చూస్తారని కొంచెం కొంచెంగా కాలుస్తున్నాడు అనుకున్నాను. దొంగబుద్ధి కాకపోతే పట్టపగలు రావచ్చుగా?

కిటికీలోంచే అరిచాను. "ఎవరది? ఏం చేస్తున్నారక్కడ?"

ఉలిక్కిపడి తలెత్తాడు. నోరు విప్పలేదు. చెయ్యి ఒక్కటి ఎత్తి, ఆగు అన్నట్టు చూపించి, మళ్ళీ వంగున్నాడు. పలకరిస్తే పలకనివాణ్ణి, అందులోనూ మొన్నమొన్నటిదాకా ప్రతిరోజూ "సెల్లీ" అని నోరారా పిలిచేవాణ్ణి, ఏమనుకోవాలి? నాకు ఇంక సందేహం లేదు. మమ్మల్ని పొగబెట్టి తరిమేయడానికే చూస్తున్నాడు.

ఫారెస్టు గార్డు రోజూ సైకిలు మీద మా బడి ముందు నుంచే వెళ్ళేవాడు. ఆ రోజు గేటు దగ్గర ఆపి చెప్పాను. మా పక్కింటాయన తెల్లారుజామున కొండకి నిప్పు పెడుతున్నాడు, రెండు రోజులుగా నా కళ్ళతో చూశాను, రేపు కూడా వస్తాడు అన్నాను. "చిన్నపిల్లతో ఉన్నాను, భయంగా ఉంది" అని కూడా అన్నాను. గార్డు తలూపాడు. "మీరు సెప్పీసినారు గదా టీచరమ్మా, నాను సూసుకుంతాను" అన్నాడు.

చూసుకున్నాడు. మర్నాడు పొద్దున్న మా ఇంటి వెనక చివరి ముక్క కాల్చి, వాళ్ళ సరిహద్దు దగ్గరికి అడుగు పెట్టబోతుండగా పట్టుకున్నాడు. నేను కిటికీ తలుపు సందులోంచి చూశాను. ఆయన నిప్పుల పెంకు నేల మీద పెట్టి, దాని మీద మట్టి కప్పి, గార్డు వెంట నడిచి వెళ్ళిపోయాడు. నాకు తృప్తిగా అనిపించింది. నిజం చెబుతున్నాను, ఆ పూట గంజి కూడా రుచిగా అనిపించింది.

సాయంత్రం మా ఆయన టీ కొట్టు నుంచి వస్తూనే అన్నారు.

"ఏటే, మన బావని ఫారెస్టోలు అట్టుకెల్లిపోనారటగా! సాయంత్రం దాకా ఆఫీసులో కూకోబెట్టీసి, గొడ్డలి లాక్కుని, కాయితం మీద ఏలిముద్ర ఏయించుకున్నారట. మల్లీ కొండ మీద నిప్పెడితే కేసేట. ఎవుడో కుల్లుమోతు ఎదవ సెప్పీసుంటాడు."

నేను పాపకి పాలు కలుపుతున్నాను. చెంచా తిప్పుతూనే ఉన్నాను.

"నిప్పు పెట్టినవాణ్ణి పట్టుకోరా మరి?" అన్నాను.

"నిప్పేటి! మన ఎనకాల గడ్డి కాల్సినాడు. నన్నడిగే సేసినాడు. మొన్న టీ కొట్టు కాడ అన్నాడు గదా: బావా, మీ ఎనకాల గడ్డి ఇంటిని రాసుకునుంది, ఇప్పుడు మంచులో కాల్సీకపోతే సైత్రంలో అదే మీ కప్పుని కాల్సేత్తాది. రెండు బారల మేర నల్లగా సేసీసేవనుకో, ఎంత మంటొచ్చినా అక్కడికొచ్చి ఆగిపోద్ది అన్నాడు. ఆల పాత ఊల్లో ఏటేటా అలాగే కాల్సుకునీవోరట. సరే కానీ అన్నాను."

నా చేతిలో చెంచా ఆగిపోయింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"నైట్ డూటీ నుంచొచ్చి పడుకుండిపోనాను, మర్సిపోనాను. అయినా నువ్వు ఆల్తో మాటాడట్నేదు గదా. సెప్తే ఒప్పుకుంటావేటి?"

"మరి నేను పిలిస్తే పలకలేదేం?"

"ఎప్పుడు పిలిసినావు?" అని నా మొహంలోకి చూశారు. చప్పున తేరుకుని, పొగ వాసనొచ్చి ఒకసారి కేకేశాను అన్నాను. ఆయన నవ్వారు. "నిప్పు అట్టుకున్నోడు పని అయ్యే వొరకూ నోరు ఇప్పకూడదట. మాటల్లో పడితే నిప్పు జారిపోద్దని ఆల పెద్దోల కట్టడి. నాకు సెప్పినాడు."

అంతా విన్నాక కూడా నాకు ముందు వచ్చింది పశ్చాత్తాపం కాదు, ఇంకో అనుమానం. ఈ మగాళ్ళిద్దరూ నా వెనక ఇంకా ఏమేం మాట్లాడుకున్నారు? ఆ మూల స్థలం కూడా సరే కానీ అన్నారేమో? అడిగేశాను కూడా. "నీకు పిచ్చే" అని ఆయన స్నానానికి వెళ్ళిపోయారు. గార్డుకి చెప్పింది నేనేనని మాత్రం చెప్పలేదు. కుళ్ళుమోతు ఎదవ అన్న తరవాత ఎలా చెబుతాను?

ఇక్కడిదాకా చేసింది పొరపాటే. తెలియక చేసింది. ఆ తరవాత చేసింది అలా కాదు.

మా వెనక పట్టీ పూర్తిగా కాలింది. వాళ్ళ వెనక గడ్డి అలాగే ఉంది, ఇంటి చూరుని రాసుకుని. ఆయన వేలిముద్ర వేసి వచ్చాడు కాబట్టి నిప్పు పెట్టడానికి లేదు. కొడవలి పట్టుకుని కోయడం మొదలెట్టాడు. ఎండి కమ్మీల్లా అయిపోయిన గడ్డి, మధ్యలో ముళ్ళ కంప. కూలికి వెళ్ళే ముందు ఒక గంట కోసేవాడు. పగలు వదిన కోసేది. ఆమె చేతులు చీరుకుపోయి గుడ్డపేలికలు చుట్టుకుని కోసేది. నేను బడికి వెళుతూ చూసేదాన్ని, వస్తూ చూసేదాన్ని.

గార్డు రోజూ బడి ముందు నుంచి వెళ్ళేవాడు. ఆపి, "నేను చెప్పింది పొరపాటండీ, ఆయన మా ఇల్లు కాపాడ్డానికే కాల్చాడు, మీరే దగ్గరుండి ఆ మిగిలింది కూడా కాల్పించండి" అని ఒక్క మాట అంటే సరిపోయేది. మంచి మనిషే, వినేవాడు. సైకిలు బెల్లు వినబడగానే నేను నల్లబల్ల వైపు తిరిగి ఏదో ఒకటి రాయడం మొదలుపెట్టేదాన్ని. సోమవారం చెబుదాం అనుకునేదాన్ని. సోమవారం వస్తే బుధవారం. చర్చిలో మోకాళ్ళ మీద ఉన్నప్పుడు ఇదే గుర్తొచ్చేది, బయటికి రాగానే సర్దుకునేదాన్ని. ఇంకా వేసవి రాలేదుగా, కోసుకుంటున్నారుగా, వాళ్ళ తిప్పలు వాళ్ళు పడతారు. పోనీ నేనే ఒక కొడవలి పట్టుకుని వెళ్ళొచ్చు. వెళితే, ఇన్నాళ్ళూ మాట్లాడని మనిషి ఇప్పుడెందుకొచ్చిందా అని వాళ్ళు నన్ను అనుమానిస్తారని భయం. చూశారా, ఎదుటివాళ్ళందరికీ నా బుద్ధే ఉంటుందని నా నమ్మకం.

ఒంటిపూట బడులు మొదలయ్యాయి. చైత్రం వచ్చింది. కొండ అవతలి వైపు అంటుకుందని రెండు రోజులుగా చెప్పుకుంటున్నారు. తేనె తీసేవాళ్ళ కాగడా అన్నారు కొందరు, బీడీ ముక్క అన్నారు కొందరు. ఎవరైనా కానీ, ఆ ఒక్క విషయంలో నేను ఎవర్నీ అనుమానించదలచుకోలేదు.

ఆ రోజు బడి వదిలి ఇంటికి వచ్చి అన్నం తింటున్నాను. పడమటి గాలి లేచింది. ఉన్నట్టుండి పెరట్లో వెలుతురు మారిపోయింది, ఎండ ఎర్రబడింది. బయటికి వచ్చి చూస్తే మంట కొండ మీంచి దిగుతోంది. ఒక వరసగా, కొండ ఈ చివర నుంచి ఆ చివర దాకా. జీడిమామిడి చెట్లు పటపటమని పేలుతున్నాయి. పాపని ఎత్తుకుని రోడ్డు మీదికి పరిగెత్తి, ఆయమ్మ చేతిలో పెట్టి, మళ్ళీ ఇంటికి పరిగెత్తాను. ఊళ్ళోవాళ్ళు బిందెలతో వస్తున్నారు. పక్కింటాయనకి ఆ రోజు పని లేదు, ఇంటి కప్పు మీదికెక్కి నిలబడ్డాడు. కింద నుంచి వదిన నీళ్ళు అందిస్తోంది. నేను నా కప్పు మీద పోసుకుంటున్నాను. ఇద్దరాడవాళ్ళం ఒకే బావి దగ్గర బిందెలు ముంచుకున్నాం, ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

మంట మా కంచె వైపు వచ్చింది. వేడికి మొహం కాలిపోతోంది. ప్రభువా, ప్రభువా అంటూ వెనక్కి వెనక్కి జరుగుతున్నాను. నల్ల పట్టీ దాకా వచ్చింది. ఆగిపోయింది. అక్కడ కాలడానికి గడ్డిపోచ లేదు. అంతెత్తు మంట నా కళ్ళ ముందే కుంగిపోయి, అంచున పొగ మిగిలింది. నా ఇంటి తాటాకు ఒక్క రెమ్మ కూడా కమలలేదు.

అదే మంట పది బారల అవతల ఆగలేదు. వాళ్ళు కోసింది సగం. మిగతా సగంలోంచి దూరి, కోసి వేసిన గడ్డికుప్పని పట్టుకుని, అక్కణ్ణించి చూరు ఎక్కింది. ఆయన కప్పు మీంచి దూకేశాడు. వదిన మేకల తాళ్ళు కోసి తోలేసింది. అప్పుడు పరిగెత్తాను నేను బిందె పట్టుకుని. అప్పుడు, నా ఇంటికి ఇంకేమీ కాదని తెలిశాక. అన్నం ఉడికేంత సేపు పట్టలేదు, ఇల్లు మొత్తం కూలిపోయింది. చివరికి ద్వారబంధం ఒక్కటే నిలబడి మండింది. ఆయన దాని మీద నీళ్ళు కుమ్మరిస్తూనే ఉన్నాడు. ఊళ్ళోవాళ్ళు ఇద్దరు పట్టుకుని పక్కకి లాగారు. ఫైరింజను మెయిన్ రోడ్డు దాకా వచ్చిందట, మా సందులోకి పట్టలేదు.

మా ఆయన సాయంత్రం వచ్చి, చూసి, వాళ్ళిద్దర్నీ మా ఇంటికి తీసుకొచ్చారు. అరుగుకి తాటాకు తడిక కట్టి గదిలా చేశారు. వాళ్ళకి ఉన్నది ఒంటి మీద బట్టలూ, నాలుగు మేకలూ.

నెల రోజులు ఉన్నారు మా ఇంట్లో. అంత అవస్థ నేను జీవితంలో ఎప్పుడూ పడలేదు. వాళ్ళకి తెలుసా? తెలియదా? ఆయన ఎప్పటిలాగే "సెల్లీ, కాసిన్ని టీ నీలియ్యి" అనేవాడు. మామూలుగా అన్నాడా, ఎత్తిపొడిచాడా అని ఆ గ్లాసు కడిగేదాకా ఆలోచించేదాన్ని. ఎవరైనా పరామర్శకి వస్తే, "ఎవుడో సెప్పీసినాడు, లేపోతే మాదీ కాల్సేసుందును" అనేవాడు. అనేటప్పుడు నా వైపు చూశాడా? చూసినట్టే ఉండేది. చూడకపోతే, కావాలనే చూడట్లేదు అనిపించేది. వదిన రాత్రి పొయ్యి ఆర్పేటప్పుడు నీళ్ళు చల్లి, బూడిద కెలికి, మళ్ళీ చల్లి, "నిప్పుతో ఊరుకోకూడదు టీచరమ్మా" అంటే నాకు అన్నం సయించేది కాదు. పాపని ఆమే చూసుకునేది. బడికి తీసుకెళ్ళద్దు ఎండలో అని తన దగ్గరే ఉంచుకునేది. మొదటి రెండు రోజులూ నేను బళ్ళో కూర్చోలేకపోయాను. నా కూతుర్ని ఏమైనా చేస్తుందేమోనని. ఇది కూడా చెప్పాలి. అంత నీచంగా ఆలోచించాను.

చివరికి ఎలమంచిలి నుంచి వదిన తమ్ముడు కబురు పెట్టాడు. అక్కడ వాళ్ళ పొలంలో పాక వేశాం, వచ్చెయ్యండి అని. రేపు బండి వస్తుందనగా, ఆ మధ్యాహ్నం ఇంక నా వల్ల కాలేదు. మగాళ్ళు లేరు. వదిన అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. పక్కనే గుడ్డ మీద పాప నిద్రపోతోంది. వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను.

"వదినా, గార్డుకి చెప్పింది నేనే."

ఆమె చెయ్యి ఆగలేదు. ఒక రాయి తీసి అవతల పడేసింది.

"తెలుసు" అంది.

"ఎప్పట్నుంచి?"

"ఆ దినమే. గార్డే సెప్పీసినాడు, మీ టీచరమ్మే సెప్పిందని. మీ అన్నయ్య ఇంటికొచ్చి నాతో అన్నాడు. ఎవుల్తోనూ అనకు, సిన్నపిల్లతో ఒక్కత్తీ ఉంటాది, బయపడిపోయి సెప్పుంటాది అన్నాడు."

 నెల రోజులుగా నేను వాళ్ళ మొహాల్లో వెతుకుతున్నది మొదట్నుంచీ అక్కడే ఉంది. నోటికి వచ్చిన మొదటి మాట అడిగేశాను. అడగకూడని మాట.

"తెలిసి కూడా మా ఇంట్లో ఎలా ఉన్నారు వదినా?"

ఆమె అప్పుడు తలెత్తి చూసింది. కోపంగా కాదు.

"మరెక్కడుంటాం?" అంది.

ఏడుపు వచ్చేసింది నాకు. ఆమె చేతులు పట్టుకోబోయాను. చేట కొంచెం వెనక్కి లాక్కుంది. గొంతు తగ్గించింది, పాప లేస్తుందని.

"ఒక్క మాట ఇనుకో. ఇది ఆయనతో అనకు. ఆయన ముందు మా ఎనకాల కాల్సీసి, తర్వాత మీది కాల్సుదునన్నాడు. నానే ఒద్దన్నాను. ముందు ఆల్లది కాల్సు, పసిగుడ్డున్న ఇల్లు, ఆ పిల్ల మొగుడు డూటీకెల్తే ఒక్కత్తీ ఉంటాది, మనది రెండ్రోజులాగితే ఏటవుద్ది అన్నాను. ఆయనకి నీ మీద కోపం నేదు. నిన్ను నాను కూడా ఏటీ అనను. కానీ ముందు మీది కాల్సమని ఎందుకన్నానా అని, ఆ దినం నుంచీ నన్ను నానే తిట్టుకుంటన్నాను."

పాప కదిలింది. వదిన చేట కింద పెట్టి దాన్ని ఒళ్ళోకి తీసుకుని, మళ్ళీ నిద్రపోయేదాకా జోకొట్టింది.